బొత్తామంత కాలం

కుతాయిసిలో మూడు రోజులుగా వాన.
రియోని వంతెన దాటి, చెక్క బాల్కనీ కింద
సెవెరియన్ గడియారాల కొట్లోకి తడిసి అడుగుపెడితే
నలభై గోడలకి సరిపడా గడియారాలు ఒక్క గోడ మీద,
అన్నీ ఒకే మాట మీద ఉన్నాయి: నాలుగూ పది.
ఆయన పలకరించలేదు. లాప్‌టాప్ వైపు వేలు చూపించాడు.

"కలిసే ఉన్నానంటుంది. కబురు మాత్రం మొయ్యనంటుంది.
నలభై రెండేళ్లు కాపురం చేశాను, నాకీ జబ్బు తెలుసు.
మెషీన్లకి కూడా వస్తుందా, త్సియాలా?"

ఆరింటికి గడువట.
బతూమిలో మక్వాలా అనే ఆవిడతో
పంతొమ్మిది రోజులుగా ఆట. ఎత్తుకి మూడేసి రోజులు.
రెండు రోజులు ఆలోచించాడు, రాత్రి కరెంటు పోయింది,
పొద్దున్నించీ ఇదీ వరస.
ఫోన్ చేసి చెప్పెయ్యకపోయారా అన్నాను.
నోటిమాట ఎత్తు కాదన్నాడు.

రౌటర్ ఆపి, ముప్ఫై లెక్కపెట్టి, మళ్లీ వెలిగించాను.
అందరూ ముందు చేసేది అదే, నేనూ అందరిలాంటిదాన్నే.
నాలుగు గీతలూ నిండాయి,
పక్కన పసుపు ముక్కోణం అలాగే కూర్చుంది.

నల్ల తెర తెరిచి పిలవడం మొదలుపెట్టాను.
ముందు దాన్ని దానికే వినపడేట్టు: ఉన్నావా? ఉన్నాను.
గోడ మీది రౌటర్‌ని: ఉన్నావా? ఉన్నాను.
సముద్రాల అవతల ఏ చల్లటి గదిలోనో ఉన్న యంత్రాన్ని
దాని అంకెలతో: ఉన్నావా?
కాస్త ఆగి, ఉన్నానంది.

అయితే తీగ తెగలేదు, దారి మూసుకుపోలేదు.
పేరు పెట్టి పిలిచాను. చప్పుడు లేదు.
ఇంకో పేరు. అదీ లేదు.
అంకెలు వెళ్తున్నాయి, పేర్లే వెళ్లడం లేదన్నాను.
"నాకూ అంతే," అన్నాడు, "వాచీల నంబర్లన్నీ గుర్తు,
తెచ్చిన మనుషులే..."

పేర్లు విప్పి చెప్పే సర్వర్‌ని మార్చి చూశాను.
కొత్తదాన్నీ వద్దంది, కారణం చీమల బారంత అక్షరాల్లో రాసింది:
దీని సంతకం ఇంకా అమల్లోకి రాలేదు.
ఇంకా.
ఆ మాట దగ్గర కాలు తట్టుకుని
తెర కింది మూలకి చూశాను.

జనవరి ఒకటి, రెండువేల పదకొండు.

పద్నాలుగేళ్ల వెనక కూర్చుని
ఈ పెట్టె ఇవాళ్టి లోకాన్ని పిలుస్తోంది.
లోకం పాపం పలుకుతోంది, కాగితాలు చూపిస్తోంది,
నువ్వింకా పుట్టనేలేదు పొమ్మని
ఇదే తలుపేస్తోంది.

ఎలా చెప్పను?
ఊళ్లో సగం మణికట్లకి టైము దిద్దినవాడికి
మీ బల్ల మీదే తేదీ తప్పిందని?

చెప్పాను.
సెవెరియన్ కంట్లోంచి భూతద్దం తీశాడు.
గోడ వైపు చూశాడు, తెర వైపు చూశాడు.
"అది బాగున్న ఏడాదే," అన్నాడు. ఇంకేం అనలేదు.

దిద్దుదామని చెయ్యి చాపితే పక్కకి నెట్టాడు.
"ఇప్పుడు దిద్దుతావు, రేపు కరెంటు పోతే మళ్లీ అక్కడికే పోతుంది."
ఆపి, బోర్లించి, ఎనిమిది మరలు విప్పి
పట్టకారుతో ఒక వెండి బొత్తాన్ని పైకి లేపాడు.
చచ్చిన బ్యాటరీ.
సొరుగు లాగితే అలాంటివే వంద,
చాక్లెట్లలా వరసల్లో.
నా మొహం చూడకుండా ఒకటి పెట్టాడు.

ఐదూ నలభై ఏడుకి ముక్కోణం పోయింది.
గుర్రం రెండు గళ్లు ముందుకి, ఒకటి పక్కకి.
అంతే. పంతొమ్మిదో రోజంతా ఇందుకే.

డబ్బులిస్తూ నా చెయ్యి వెలుతురులోకి తిప్పాడు.
"నీది నాలుగు నిమిషాలు వెనక."
వదిలెయ్యండన్నాను. వదల్లేదు.

ఆయన నా వాచీ విప్పుతుండగా
మక్వాలా పేరు పక్కన పచ్చ చుక్క వెలిగింది,
చాలాసేపు వెలిగింది,
ఏమీ ఆడకుండా ఆరిపోయింది.
నేను రౌటర్ వైపు చూశాను.
"దాని తప్పేం లేదు," అన్నాడు తలెత్తకుండా,
"ఆవిడ ఆలోచిస్తోంది."